గళగండము – కారణములు, చికిత్స

మెడ ముందుభాగమున, గొంతుముడికి దిగువగా, ప్రతి మనుష్యునకును చిన్న గ్రంథి యొకటి గలదు. దీనిని థైరాయిడు గ్రంథి యందురు. శరీరపు వేడిమి, పెరుగుదల, బుద్ధివికాసము దీనినుండి యూరు రసముపై నాధారపడియుండును. ఈ గ్రంథి పెరిగి మెడ యుబ్బుటయే గళగండము. దీనిని దిష్టియని తలంచి కొందఱు తాయెత్తులు కట్టుదురు, వాతలు పెట్టుదురు. తాయెత్తు నిష్ఫలము, వాత హానికరము.

ఆ రసము తయారగుటకు అయోడిను కావలెను. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. గర్భిణులకు 250 కావలెను. వానలును, వఱదలును పైమట్టిని కడిగివేసిన నేలలలో అయోడిను తగ్గును. అచ్చటి ధాన్యమునందును, కూరలయందును తగ్గును. అపుడు గ్రంథి, దొరకిన కొంచెమునే పట్టుకొనుటకై శ్రమించి పెరుగును. గర్భిణికి ఈ లోటు మిక్కుటమైనచో బిడ్డ బుద్ధిమాంద్యముతోను, చెవుడుతోను పుట్టవచ్చును. మెడవాపుకంటె నిదియే పెద్ద నష్టము.

దీనికి నివారణ సులభమని మన శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారును, వారి సహచరులును నిరూపించిరి. 1956లో వారు హిమాలయ ప్రాంతమునందలి కాంగ్రా లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానికి సాదా ఉప్పును పంపించిరి. కొన్నియేండ్లకు అయోడిను ఉప్పు తిన్న భాగములలో గళగండము స్పష్టముగా తగ్గెను.

సముద్రపు ఉప్పులో అయోడిను సహజముగానే యుండునని పలువురు నమ్ముదురు. అది పొరపాటు, అందుండునది అత్యల్పము. కావున విడిగా నమ్ము కల్లుప్పు కొనక, అయోడిను కలిపినదని ముద్రించిన పొట్లమునే కొనవలెను. దానిని తేమ, ఎండ తగులకుండ మూతగల జాడీలో నుంచవలెను. కూర దింపునపుడు వేయుట మేలు.

ఇదివఱకే వాపున్నవారు ఉప్పునే నమ్ముకొని యుండరాదు. గళగండమునకు వేఱు కారణములును గలవు. వైద్యుడు రక్తపరీక్ష చేసి, రసము తక్కువైన నొక మందును, ఎక్కువైన వేఱొక మందును ఇచ్చును. గడ్డ కనబడిన సూదితో పరీక్షించును. మ్రింగుట, ఊపిరి కష్టమైనను, గొంతు బొంగురుపోయినను ఆలస్యము కూడదు. శస్త్రచికిత్స యవసరము కావచ్చును. అయోడిను మందును తమంతట తాము త్రాగరాదు.

విత్తనము మంచిదా యని విచారించి కొను రైతు, తన యింటి ఉప్పునుగూర్చి యేల విచారింపరాదు? సంఘపు దుకాణములలో అయోడిను ఉప్పునే నిలువచేయవలెనని సభ్యులు రాబోవు సమావేశమున తీర్మానింపగోరుచున్నాము.