చక్రము ఎవరి చేతిది?

తనంత తాను నడచు కారు వచ్చినది గదా, ఇక చోదకునితో పనియేమని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. ఎస్.ఏ.ఇ. యను ఇంజనీర్ల సంస్థ 2014లో స్వయంచాలనమును 0 నుండి 5 వరకు మెట్లుగా విభజించినది. మన దేశమున అమ్ముడగు కొన్ని కార్లు 2వ మెట్టువి: యంత్రము చక్రము త్రిప్పును, వేగము సవరించును, త్రోవను కనిపెట్టు భారము మనుష్యునిదే. 3వ మెట్టున యంత్రమే కనిపెట్టుచు, అవసరమైనపుడు మనుష్యుని పిలుచును.

మా దృష్టిలో చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చేతికి పని లేనివాడు ఏమరక కాపలా కాయుట కడు కష్టము. 2018 మార్చి 18న అమెరికాలోని టెంపే పట్టణమున, పరీక్షార్థము తిరుగుచున్న కారొకటి సైకిలు నడిపించుకొనుచు రోడ్డు దాటుచున్న స్త్రీని ఢీకొనగా ఆమె మరణించినది. యంత్రము ఆమెను 5.6 సెకన్ల ముందే పసికట్టినను మనిషియని పోల్చుకొనలేదు. కాపలాకు కూర్చున్న చోదకురాలి చూపు ఫోనుపై నుండెను.