విద్యుచ్ఛక్తి నిలిచిన వేళ గృహమునకు దగిన సాధనము

మన పర్చూరు ప్రాంతమున విద్యుచ్ఛక్తి నిలుచుట రెండు విధములుగా నుండును. వేసవిలో తీగలు, ట్రాన్సుఫార్మర్లు భారమునకు తాళలేక గంటయో రెండు గంటలో ఆగుట యొకటి. తుపానునకు స్తంభములు కూలి దినములకొలది ఆగుట రెండవది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది గనుక, ఈ రెండవదానిని మనవారికి వివరింప నక్కఱలేదు. మొదటిది స్వల్పమే యైనను, పరీక్షలకు చదువుకొను బిడ్డలకును మంచము పట్టిన వృద్ధులకును తఱచుగా బాధ కలిగించునది అదియే.

పెట్రోలు జనరేటరు పెద్ద యంత్రములను నడపగలదు. కాని దాని మోత ప్రక్క యింటివారిని గూడ నిద్రపోనీయదు. మోతకంటె భయంకరమైనది పొగ. అందలి కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని మేల్కొననీయకయే చంపగలదు. కావున దానిని ఇంటిలోపలను కిటికీ క్రిందను ఉంచరాదు. మఱియు చేంజోవరు స్విచ్చి లేక యింటి తీగలకు తగిలించినచో, శక్తి వెనుకకు ప్రవహించి స్తంభముపై పనిచేయు లైనుమాను ప్రాణమునకే ముప్పు.

నిశ్శబ్దము కోరువారికి ఇన్వర్టరు, బ్యాటరీ మేలు. అయితే దుకాణమునకు పోవుటకు ముందు కాగితముపై లెక్క వేసికొనవలెను. 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1800 వాటు-గంటల శక్తి పట్టును. కొంత వేడిగా పోవును. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయుట దాని యాయువునకు చేటు. కాన 1100 మాత్రమే మనవని తలంతము. 75 వాటుల ఫ్యానులు రెండు, 9 వాటుల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు కలిసి 186 వాటులు. ఆఱు గంటలు నడచును. ఫ్యానులను 30 వాటుల బి.ఎల్.డి.సి. రకమునకు మార్చినచో మొత్తము 96 వాటులే. అదే బ్యాటరీ పదునొకండు గంటలు వచ్చును! రెండవ బ్యాటరీ కొనుటకంటె ఫ్యాను మార్చుటయే ముందుగా చేయదగిన పని యని నా యభిప్రాయము. వేయి వాటుల ఇస్త్రీపెట్టె ఆ శక్తినంతటిని ఒక్క గంటలో మ్రింగును.

ఇన్వర్టరు కొనునపుడు సైన్ వేవు రకమునే యడుగుడు. చౌకయైన స్క్వేరు వేవు రకముతో ఫ్యానులు జుమ్మని మ్రోగును. నిశ్శబ్దమునకై కొని మోతను తెచ్చుకొన్నట్లగును. సీసపు బ్యాటరీని గాలి యాడు చోట, నిప్పునకు దూరముగా నుంచవలెను; అది ఛార్జి యగునపుడు మండు స్వభావము గల హైడ్రోజను వెలువడును. అందు డిస్టిల్డ్ వాటరే పోయవలెను. బావినీటిలోని లవణములు పలకలను చెఱచును. లిథియం బ్యాటరీకి ఈ నీటి బాధ లేదు, ధర మాత్ర మెక్కువ.

ఇంటిపై సౌరఫలకము లున్నవి గదా యని కొందఱు నిశ్చింతగా నుందురు. బ్యాటరీ లేక లైనుకు మాత్రమే కలిపిన ఫలకములు, లైను ఆగినతోడనే, ఎండ కాయుచున్నను, ఆగిపోవును. ఇది లోపము గాదు, లైనుమాను రక్షణకై చేసిన యేర్పాటు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉన్నచోటనే అవి అట్టి వేళ పనికివచ్చును.

తుపాను హెచ్చరిక వినినపుడు బ్యాటరీని నిండుగా నింపి, ఒక బి.ఎల్.డి.సి. ఫ్యాను, ఒక దీపము మాత్రమే వాడుకొన్నచో, ఆ రాత్రియు మరునాటి పగటిలో చాల భాగమును గడచును.