గుంపులో గోవిందయ్యకే భరోసా?

అందరూ కొనే ట్యాబ్లెట్‌నే కొనాలా, అరుదైన ఆపరేటింగ్ సిస్టంతో నడిచేదాన్ని వెతుక్కోవాలా? పుదుచ్చేరికి చదువుకోవడానికి వచ్చే యానాం విద్యార్థికి ఈ ప్రశ్న కాస్త ఖరీదైనదే.

పుదుచ్చేరి నెహ్రూ వీధిలో ట్యాబ్లెట్ కావాలని అడిగితే కౌంటర్ మీదికి వచ్చేవి రెండే రకాలు. ఒకటి గూగుల్ ఆండ్రాయిడ్‌తో నడిచేది. రెండోది యాపిల్ ఐప్యాడ్. మూడో రకం కోరుకునేవారు ఊళ్లో లేరని కాదు, వారు దుకాణానికి రారంతే. ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ పుదుచ్చేరిలో పనిచేస్తోంది. 2005లో మొదలై తెలుగులో నడిచే లినక్స్‌ను తయారు చేసిన హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ'కు ఇది తోబుట్టువు లాంటిది. కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కొన్నవాడి చేతిలో ఉండాలే తప్ప అమ్మినవాడి చేతిలో కాదన్నది వీరి వాదం. ఆ వాదం విన్న కుర్రాడు ట్యాబ్లెట్ కొనడానికి వెళ్లినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ కుర్రాడు యానాం వాడైతే చిక్కు మరి కాస్త ఎక్కువ. గోదావరి ఒడ్డున, కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న యానాం పరిపాలనకు మాత్రం పుదుచ్చేరిలో భాగం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 55,626 మంది. వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాల్లో ప్రాంతాల వారీ కోటా ఉండటంతో ఏటా కొందరు పిల్లలు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాజధానికి వస్తారు. తరగతి నోట్సుకైనా, రాత్రి ఇంటికి వీడియో కాల్‌కైనా, తెలుగు పేపర్ చదువుకోవడానికైనా అదే పలక. నాలుగేళ్ల కోర్సుకు ఒకటే కొంటారు. 2025లో మామూలు ఐప్యాడ్ మన దేశంలో రూ.34,900 ధరతో విడుదలైంది. ఆండ్రాయిడ్‌లో అందులో మూడో వంతుకూ దొరుకుతాయి. తప్పు వస్తువు కొంటే రెండోసారి కొనే స్థోమత చాలా ఇళ్లలో ఉండదు.

ఇక్కడ చూడాల్సింది ఏ ఆపరేటింగ్ సిస్టం బాగా రాశారన్నది కాదు. దాని కోసం ఎందరు అప్లికేషన్లు రాస్తున్నారన్నదే. వాడేవారు తక్కువైతే కంపెనీలు దానికి యాప్ తయారు చేయవు. యాప్‌లు లేకపోతే వాడేవారు రారు. బ్యాంకు యాప్, కాలేజీ హాజరు యాప్, ఆన్‌లైన్ పాఠాల యాప్... వీటిలో ఒక్కటి లేకపోయినా మిగతా సుగుణాలన్నీ వృథాయే. దీన్ని పట్టించుకోకుండా దిగిన పెద్ద పెద్ద కంపెనీలే చేతులు కాల్చుకున్నాయి.

2011 జులైలో హెచ్‌పీ 'టచ్‌ప్యాడ్'ను వెబ్ ఓఎస్ అనే సొంత వ్యవస్థతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. ఒకేసారి అనేక పనులు చేసుకునే తీరులో అది మిగతావాటి కంటే ముందుందని సమీక్షకులు మెచ్చుకున్నారు. ఏం లాభం? ఆగస్టు 18న, అంటే రెండు నెలలైనా తిరగకముందే, కంపెనీ దుకాణం కట్టేసింది. ఐదు వందల డాలర్ల సరుకును 99 డాలర్లకు వదిలించుకుంది. కొసమెరుపేమిటంటే, కారుచౌకగా కొన్నవారిలో ఎందరో ఔత్సాహికులు తయారు చేసిన ఆండ్రాయిడ్‌ను అందులోకి ఎక్కించుకుని ఏళ్ల తరబడి వాడుకున్నారు. అదే ఏడాది వచ్చిన బ్లాక్‌బెర్రీ 'ప్లేబుక్' కథ మరీ విచిత్రం. ఈమెయిల్‌కు మారుపేరైన కంపెనీ తొలి ట్యాబ్లెట్‌లో ఈమెయిల్ యాప్ లేదు! కొత్త బ్లాక్‌బెర్రీ 10 వ్యవస్థను దానికీ ఇస్తామన్న మాటను 2013 జూన్‌లో కంపెనీ వెనక్కి తీసుకుంది. మైక్రోసాఫ్ట్ సైతం 2012లో విండోస్ ఆర్‌టీ అంటూ పాత విండోస్ ప్రోగ్రాములేవీ నడవని విండోస్‌ను తెచ్చి, మరుసటి ఏడాదే 90 కోట్ల డాలర్ల నష్టాన్ని ఖాతాల్లో రాసుకుంది.

చిన్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఫిన్లండ్ కంపెనీ యోల్లా 2014లో ప్రజల నుంచి ముందే డబ్బు వసూలు చేసి సెయిల్‌ఫిష్ ట్యాబ్లెట్ ఇస్తామంది. డబ్బు కట్టినవారిలో చాలామందికి ట్యాబ్లెట్ చేరనే లేదు. 2016లో ఉబుంటుతో తొలి ట్యాబ్లెట్ వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కానానికల్ సంస్థ ఆ ప్రయత్నాన్నే మానుకుంది. తరువాత దాన్ని బతికించినది యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద కార్యకర్తల బృందం. 2023లో వచ్చిన పైన్‌ట్యాబ్ 2 లినక్స్ ప్రియులకు మోజైన వస్తువే. కానీ విడుదలైనప్పుడు అందులోని వైఫై పనిచేయడానికి డ్రైవర్ సిద్ధంగా లేదు. హాస్టల్ గదిలో వైఫై రాని ట్యాబ్లెట్‌తో విద్యార్థి ఏం చేసుకోవాలి?

మన దేశంలోనే కోట్లలో అమ్ముడుపోయిన ఉదాహరణ ఒకటుంది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో ఇంటెక్స్ 2014 ఆగస్టులో రూ.1,999కే ఫోన్ ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో మొజిల్లా ఆ ఫోన్లకు స్వస్తి పలికింది. దాని వారసుడు కాయ్ ఓఎస్‌తో 2017లో జియోఫోన్ వచ్చి ఇంటింటికీ చేరింది. అయినా అందులోకి వాట్సాప్ రావడానికి 2018 సెప్టెంబరు దాకా పట్టింది. అంత సంఖ్యాబలం ఉన్నా యాప్ తయారీదారు దయ కోసం ఎదురుచూడక తప్పలేదన్న మాట.

ఈ చరిత్రలో తెలుగువారికి బాగా గుర్తుండాల్సిన అధ్యాయం 'ఆకాశ్'. 2011 అక్టోబరు 5న అప్పటి మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ఆ ట్యాబ్లెట్‌ను బిగించింది హైదరాబాద్‌లోనే. ప్రభుత్వం కొన్న ధర రూ.2,200 పైచిలుకు. ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. లోపల ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, గట్టిగా నొక్కితే గానీ స్పందించని తెర. వీటి గురించి అందరూ రాశారు. తక్కువ మంది గమనించిన లోపం మరొకటుంది. అందులో ఉన్నది ఆండ్రాయిడే, కానీ గూగుల్ యాప్‌ల అంగడికి తలుపు లేదు. పేరుకు గుంపులో ఉన్నా నిజానికి ఒంటరి. పిల్లవాడి చేతిలో పెట్టాక దానిలో కొత్తగా వేసుకోవడానికి ఏమీ దొరక్కపోతే ఎంత చౌకైనా అది బొమ్మే. 2012 నవంబరు 11న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన ఆకాశ్-2 వీటిలో చాలా లోపాలను సరిదిద్దింది. ఆ పని చూసిన ఐఐటీ బొంబాయి బృందం అందులో ఉబుంటు లినక్స్‌ను కూడా నడిపి చూపింది. సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థికి ఆండ్రాయిడ్ కంటే అదే ఉపయోగం. కానీ కొత్త ట్యాబ్లెట్‌ల జాడే క్రమంగా కనుమరుగైంది కాబట్టి ఆ ప్రయోగం ఎంత దూరం వెళ్లగలిగేదో తేలనే లేదు.

ఇంతకీ ఆండ్రాయిడ్ మూల కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగేదే. మరి గూగుల్ లేని ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌లు నెహ్రూ వీధిలో ఎందుకు కనపడవు? కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరు 20న ఇచ్చిన ఉత్తర్వులో సమాధానం ఉంది. తన యాప్‌ల అంగడి కావాలంటే మొత్తం యాప్‌ల మూటను ముందే ఎక్కించాలనీ, మార్పులు చేసిన ఆండ్రాయిడ్‌తో వేరే పరికరాలు అమ్మరాదనీ తయారీదారుల చేత గూగుల్ ఒప్పందాలు రాయించుకుందని కమిషన్ తేల్చింది. రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఖాయం చేసి, పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టివేసింది. వ్యవహారం అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. అంటే అరుదైన వ్యవస్థ అరుదుగా ఉండటానికి కొనేవారి అభిరుచి ఒక్కటే కారణం కాదు. అంగడి వాకిలిలో ఎవరిని నిలబడనివ్వాలో వేరొకరు నిర్ణయించారు.

ఈ వేడిలోనే, 2023 జనవరిలో ఐఐటీ మద్రాస్ అండతో పుట్టిన సంస్థ ఒకటి 'భరోస్'ను ప్రకటించింది. ఇద్దరు కేంద్ర మంత్రులు స్వయంగా పరీక్షించి చూశారు. దేశీయ ఆపరేటింగ్ సిస్టం అంటూ పతాక శీర్షికలు వచ్చాయి. నిజానికి దాని పునాది కూడా ఆ బహిరంగ ఆండ్రాయిడ్ కోడే. ముందే ఎక్కించిన యాప్‌లు లేకపోవడం, సంస్థలు తమకు నచ్చిన యాప్‌లను మాత్రమే అనుమతించుకోగలగడం దాని ప్రత్యేకతలు. రహస్య సమాచారంతో పనిచేసే కార్యాలయాలకు అది మంచి ఏర్పాటే. ప్రథమ సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థి అవసరం మాత్రం అది కాదు.

ఇక తెలుగు సంగతి. తొలినాటి ఆండ్రాయిడ్ పరికరాల్లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ గళ్లు కనపడేవి. ఆ రోజుల్లో లినక్స్ కంప్యూటర్ మీద తెలుగు చక్కగా చదవగలిగేవారు. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పని ముందే చేసి పెట్టారు మరి. పెద్ద కంపెనీలు తెలుగును పట్టించుకున్నది మార్కెట్ కనపడ్డాకే. పట్టించుకున్నాక కూడా తమాషాలు జరిగాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో, ఐప్యాడ్లలో యాప్‌లు కుప్పకూలాయి. 'జ్ఞానం' అని రాయలేని పరికరం చదువుకు పనికొస్తుందా అని తెలుగువారు నవ్వుకున్నారు. కానీ ఆ నెల 19నే యాపిల్ సవరణ విడుదల చేసిన సంగతీ చెప్పాలి. అదే లోపం పది మంది నడిపే వ్యవస్థలో వచ్చి ఉంటే? బహుశా తెలుగు తెలిసిన ఒక కార్యకర్త రెండు రాత్రుల్లో సరిదిద్ది ఉండేవాడు. లేదా అలాంటివాడు లేక అది అలాగే మిగిలిపోయేది. చిన్న వ్యవస్థలతో ఉన్న ఇబ్బంది ఇదే. అక్కడ పని జరగడానికైనా, జరగకపోవడానికైనా కారణం ఒకరిద్దరు మనుషులే.

అలాగని గుంపుతో వెళ్తే గండం ఉండదనుకోవడం భ్రమ. యానాం వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడి ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లు పంచింది. వాటిలో ఉన్నది అందరూ వాడే ఆండ్రాయిడే. పాఠాలు బైజూస్‌వి. ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆపరేటింగ్ సిస్టం నిలబడినా దాని మీద కూర్చున్నది కూలవచ్చన్న మాట.

ప్రధాన స్రవంతిలో కలవడమా, వేరుగా ఉండటమా అన్న మీమాంస పుదుచ్చేరికి కొత్తేమీ కాదు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి సొంత విద్యా బోర్డు లేదు. పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు బోర్డు, మాహే పిల్లలు కేరళ బోర్డు, యానాం పిల్లలు ఆంధ్ర బోర్డు చదివేవారు. చివరికి 2023-24 నుంచి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను సీబీఎస్‌ఈ వైపు మళ్లించారు. చిన్న ప్రాంతం సొంతంగా పుస్తకాలు, పరీక్షలు, మూల్యాంకనం నడపడం కంటే పెద్ద బండి ఎక్కడం తేలిక. ఆ తేలికకు చెల్లించే మూల్యం కూడా ఉంది. పాఠంలో ఏముండాలో యానాం ఏనాడూ నిర్ణయించలేదు. పెద్ద వ్యవస్థ అంటే గూగులో, యాపిలో అని ఎక్కడా రాసి లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల క్రితమే లినక్స్‌కు మారాయి. ఒక రాష్ట్రం పూనుకోవడంతో అక్కడ అరుదైనదే అందరిదీ అయింది. పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుడు, మరమ్మతు చేసేవాడు అంతా దాని చుట్టూ ఏర్పడ్డారు. విడిగా కొనుక్కునే విద్యార్థికి ఆ వెన్నుదన్ను లేదు.

కాబట్టి నెహ్రూ వీధిలో ఒకే ఒక్క ట్యాబ్లెట్ కొనబోయేవారు మామూలు ఆండ్రాయిడో, ఐప్యాడో కొనడమే మేలు. కాకపోతే కొనే ముందు అడగాల్సిన ప్రశ్న కెమెరా మెగాపిక్సెళ్ల గురించి కాదు, భద్రతా సవరణలు ఎన్నేళ్లు ఇస్తారని. చౌక ఆండ్రాయిడ్‌లలో చాలావాటికి కోర్సు పూర్తి కాకముందే అవి ఆగిపోతాయి. ఇక కాలేజీ పనుల్లో ఏవి బ్రౌజర్‌లోనే జరుగుతాయో చూసుకోవాలి. స్వయం పాఠాలకూ, దీక్ష పోర్టల్‌కూ, డిజిలాకర్‌కూ యాప్ తప్పనిసరేం కాదు. బ్రౌజర్‌లో జరిగే పనులు ఎంత పెరిగితే, వచ్చేసారి మూడో రకాన్ని కొనే స్వేచ్ఛ అంత పెరుగుతుంది.

అరుదైన వ్యవస్థల మీద మనసు పోయినవారికి సరైన చోటు ఇంట్లో మూలన పడి ఉన్న పాత ట్యాబ్లెట్. కంపెనీ వదిలేసిన మోడళ్లలో కొన్నింటికి లీనియేజ్ ఓఎస్ కొత్త ఆండ్రాయిడ్‌ను అందిస్తోంది. ఎక్కించే ముందు ఆ మోడల్ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. బూట్‌లోడర్ తాళం తీస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. పాత పలక మీద పోయేదేమీ లేదు కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. మామూలు ఆండ్రాయిడ్ మీద కూడా ఎఫ్-డ్రాయిడ్ అనే అంగడి నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లు తెచ్చుకోవచ్చు. అయితే ఆ దారి మీదా నీడ పడుతోంది. తన దగ్గర వివరాలు నమోదు చేసుకోని తయారీదారుల యాప్‌లను ధ్రువీకృత ఆండ్రాయిడ్ పరికరాల్లో అడ్డుకుంటామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఇది తమ ఉనికికే ముప్పని ఎఫ్-డ్రాయిడ్ నిర్వాహకులు ఆందోళన చెందారు. విమర్శలు పెరగడంతో అనుభవం ఉన్నవారికి వేరే దారి ఉంచుతామని గూగుల్ ఆ తరువాత చెప్పింది. ఆ దారి ఎంత ఇరుకుగా ఉంటుందన్న దాని మీదే, ట్యాబ్లెట్ ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఆధారపడి ఉంది.