గొట్టం లేకుండా వాయునాళానికి శస్త్రచికిత్స

గొంతు నుండి ఊపిరితిత్తులకు గాలిని చేరవేసే మార్గమే వాయునాళం. పెద్దవారిలో దీని పొడవు సుమారు 11 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. గాలి సాఫీగా ప్రవహించే నాళపు వ్యాసం సగానికి తగ్గితే నిరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది.

నాళం ఇరుకు కావడానికి కణుతులు ఒక కారణం. మరొక కారణం, ఒకప్పుడు రోగి ప్రాణాన్ని నిలిపిన గొట్టమే! కృత్రిమ శ్వాస కొరకు నోటి ద్వారా అమర్చే గొట్టం చివర గాలి నింపిన చిన్న బుడగ ఉంటుంది. దాని ఒత్తిడి అధికమైతే నాళపు లోపొరకు రక్తప్రసరణ తగ్గి పుండు పడుతుంది. అది మానేటప్పుడు ఏర్పడే మచ్చ నాళాన్ని బిగిస్తుంది.

చెడిన భాగాన్ని తొలగించి, రెండు కొసలను కలిపి కుట్టడం దీనికి చికిత్స. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో హెర్మెస్ గ్రిల్లో 1960వ దశకం నుండి ఈ విధానాన్ని తీర్చిదిద్దారు. అయితే గాలి నడిచే దారినే కోస్తున్నప్పుడు రోగికి ఊపిరి అందించడం ఎలా? సాధారణంగా తెగిన కింది కొసలో మరొక గొట్టం ఉంచుతారు. అది కుట్లకు అడ్డమవుతుంది. దానిని మాటిమాటికీ తీసి పెట్టవలసి వస్తుంది.

ఈ చిక్కును తప్పించేందుకు, ఎంపిక చేసిన రోగులలో గొట్టం లేకుండానే శస్త్రచికిత్స చేయసాగారు. చైనాలోని గ్వాంగ్‌జౌ వైద్యులు 2010వ దశకంలో ఇందులో విశేష అనుభవం గడించారు. రోగిని మందులతో నిద్రపుచ్చినా, శ్వాసకండరాలను స్తంభింపజేయరు. ఊపిరి తానే తీసుకుంటాడు. బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ బ్రెయిన్ 1981లో రూపొందించిన స్వరపేటిక మాస్కు నాళంలోకి దిగకుండా పైనే నిలిచి ప్రాణవాయువును అందిస్తుంది. తిమ్మిరి మందు నొప్పిని, దగ్గును అణచివేస్తుంది.

లోపలి నుండి చేసే చిన్న చికిత్సలకు మరొక మార్గమున్నది. ముక్కు ద్వారా తేమ కలిపిన ప్రాణవాయువును నిమిషానికి 70 లీటర్ల వరకు పంపే ఈ పద్ధతిని లండన్ వైద్యులు 2015లో ప్రకటించారు. వారు పరిశీలించిన 25 మందిలో ఊపిరి ఆగి ఉన్న కాలపు మధ్యమ విలువ 14 నిమిషాలు.

ఇవి అందరికీ తగినవి కావు. రక్తం నాళంలోకి జారవచ్చు, బొగ్గుపులుసు వాయువు ఒంట్లో పేరుకోవచ్చు. అందుచేత గొట్టాన్ని ఎల్లవేళలా చేతికందేలా సిద్ధంగా ఉంచుతారు.

కృత్రిమ శ్వాసపై ఉండి ఇల్లు చేరిన వ్యక్తికి కొన్ని వారాల తరువాత ఆయాసం, ఊపిరిలో ఈల వంటి శబ్దం మొదలైతే, దానిని ఉబ్బసమని సరిపెట్టుకోరాదు. పూర్వం గొట్టం వేసిన సంగతిని వైద్యునికి తప్పక తెలుపవలెను.