పొరుగింట్లోకి ఎవరొచ్చారు?

రెండో ప్రపంచయుద్ధం ముగించుకొని ఇంటికొచ్చిన అమెరికా సైనికులకు అక్కడ తలదాచుకునే ఇళ్లే కరువయ్యాయి. అప్పుడు విలియం లెవిట్ అనే బిల్డర్ 1947లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో బంగాళదుంపలు పండే పొలాలు కొని, అచ్చులో పోసినట్టు ఒకేలాంటి ఇళ్లు వేలల్లో కట్టాడు. లెవిట్‌టౌన్ అనే ఆ శివారు ఊళ్లో ఇల్లు చవక, వాయిదాలు సులువు. కాకపోతే ఒప్పందపత్రంలో ఒక షరతుంది. తెల్లజాతివారు కానివారెవరూ ఆ ఇంట్లో నివసించకూడదు, ఇంటి పనివాళ్లుగా మాత్రం ఉండొచ్చు!

ఇది లెవిట్ ఒక్కడి దుర్బుద్ధి కాదు. గృహరుణాలకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థే, జాతులు కలిస్తే ఇళ్ల విలువ పడిపోతుందన్న సూత్రంతో నడిచేది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చినా అమ్మకాల తీరు మారలేదు. లెవిట్ స్వయానా యూదుడు, తరతరాలుగా వెలివేతలు చవిచూసిన జాతివాడు. అయినా నల్లజాతివారికి అమ్మితే తెల్లవారు కొనరన్న వ్యాపార లెక్కే అతనిలో గెలిచింది. ఆ శివార్ల తెల్లదనం దానంతటదే వచ్చింది కాదు, రాతకోతలతో తయారుచేసింది.

అదే బిల్డర్ పెన్సిల్వేనియాలో కట్టిన మరో లెవిట్‌టౌన్‌లో 1957 ఆగస్టులో విలియం మైయర్స్, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు ముగ్గురు పిల్లలతో ఒక ఇంట్లో దిగారు. లెవిట్ అమ్మలేదు, అంతకుముందు యజమాని అమ్మాడు. విలియం మాజీ సైనికుడు, డైసీ టీచర్. సాయంత్రానికల్లా వందలాదిమంది చుట్టుముట్టారు. రాళ్లకు కిటికీ అద్దాలు పగిలాయి. వెనకనున్న ఖాళీ ఇంట్లో చేరి పెద్దగా పాటలు పెట్టి వేధించారు. పక్కింటి యూదు కుటుంబం వారికి అండగా నిలిస్తే, ఆ ఇంటి గోడమీదా బెదిరింపు రాతలు రాశారు. కానీ క్వేకర్ విశ్వాసులు, కొందరు పాస్టర్లు, ఇరుగుపొరుగువారు కొందరు వాళ్లతో నిలబడ్డారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెళ్లి వేధింపులాపించింది. రాళ్లు విసిరినవారిలో ఆదివారం తప్పకుండా ఆరాధనకెళ్లేవారు ఎంతమందో!

పొరుగువాడెవరని ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగింది ప్రేమించడానికి కాదు, ఎవరిని ప్రేమించనక్కర్లేదో తేల్చుకోవడానికి. ప్రభువు ఆ ప్రశ్ననే తిప్పేశాడు, గాయపడినవాడికి ఎవరు పొరుగువాడయ్యాడని అడిగాడు (లూకా 10:36). జవాబుగా నిలిచినవాడు యూదులు దగ్గరకు రానివ్వని సమరయుడు. మైయర్స్ ఇంటి ముందు గడ్డి కోసినవారు, పిల్లల్ని చూసుకున్నవారు ఆ వాక్యానికి వ్యాఖ్యానం రాశారనిపిస్తుంది.

ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం అమెరికాలో 1968లో వచ్చింది. న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఓక్‌ట్రీ రోడ్డు నిండా భారతీయ దుకాణాలు కనిపిస్తున్నాయన్నా, మన పిల్లలు అక్కడి శివార్లలో ఇళ్లు కొంటున్నారన్నా ఇలాంటి కుటుంబాలు పడ్డ దెబ్బల పుణ్యం కొంత ఉంది. మన ఊళ్లలో మాత్రం టు-లెట్ బోర్డు చూసి వెళ్తే, అద్దె ఎంతో చెప్పకముందే 'మీరేమిట్లు?' అనే ప్రశ్న వస్తోంది. అది విశ్వాసుల ఇళ్లల్లోనూ వినబడటం ఒక పాస్టర్‌గా నాకు మింగుడుపడని సంగతి.

మైయర్స్ కుటుంబం 1961 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత యార్క్ పట్టణానికి వెళ్లింది. 1999లో ఆ ప్రాంత మేయర్ డైసీని పిలిపించి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అది వినడానికి విలియం లేరు. ఆయన 1987లోనే చనిపోయారు.