సాయంకాలపు లెక్క

ఉద్యోగరీత్యా టౌన్‌షిప్పులలో కాపురముంటున్న మనవంటి వారికి పెరడు అనగానే ఒక కరివేప మొక్క, ఒక జామచెట్టు, బట్టలారవేసుకొనే తీగ గుర్తుకు వస్తాయి. మా క్వార్టరు వెనుకనున్న పెరడు కూడా 2022వ సంవత్సరం దాకా అటువంటిదే. ఆ పెరటిలో కోళ్లను పెంచాలని మేము ఎందుకు అనుకొన్నామో మొదట చెప్పాలి. ఎందుకంటే అడిగినవారికి మేము చెబుతూ వచ్చిన కారణాలు వేరు, అసలు కారణం వేరు.

ఊరిలోని ఇంటికి తాళం వేసి 2021లో మా తల్లిగారు మా వద్దకు వచ్చారు. వచ్చిన నాటినుండి ఆమెకు మాట తగ్గింది. టీవీ ముందు కూర్చోమంటే కూర్చొనేవారు, భోజనానికి లేవమంటే లేచేవారు. సాయంత్రం ఆరు కావస్తుండగా మాత్రం ఎవరూ పిలవకుండానే లేచి వెనుక గుమ్మంలో నిలబడేవారు. అలా ఎందుకు నిలబడుతున్నారని మా శ్రీమతి ఒకనాడు అడిగింది. "ఏమీ లేదమ్మా, కోళ్లను మూసే వేళ కదా, అలవాటు" అన్నారు ఆవిడ. ఆలోచన పుట్టింది అక్కడే. ఇంటి గుడ్డు, పోషక విలువలు, వంటింటి వ్యర్థాల సద్వినియోగం వంటి కారణాలన్నీ తరువాత మేము వెతికి చేర్చుకొన్నవి.

ఏ జాతిని పెంచాలన్న విషయమై కొంత చదివాము. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ల పరిశోధనకై ఏర్పడిన ప్రాజెక్టు డైరెక్టరేట్ పెరటి పెంపకానికి అనువైన రకాలను రూపొందించింది. ఆ సంస్థ నేడు భారత వ్యవసాయ పరిశోధనా మండలి వారి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా పనిచేస్తున్నది. వారి వనరాజా రకం గుడ్లకూ మాంసానికీ పనికివస్తుంది, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకోసం ఉద్దేశించినది. దేశవాళీ పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గ్రామప్రియ అంతకు రెండు మూడింతలు పెడుతుంది. మేము గ్రామప్రియను ఎంచుకొన్నాము. ఈ వివరాలన్నీ ఉత్సాహంగా చదివి వినిపిస్తే మా తల్లిగారు ఒక్కటే ప్రశ్న అడిగారు.

"పొదుగుతాయా?"

పొదగవన్నాము. పొదిగే కాలంలో కోడి గుడ్లు పెట్టడం మానివేస్తుంది గనుక, ఎక్కువ గుడ్లకోసం తరతరాలుగా ఎంపిక చేసిన రకాలలో ఆ గుణం సన్నగిల్లిందని వివరించాము.

"పొదగనిది పెట్టేమిట్రా!" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

2022 డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు వయస్సు గల ఇరవై పిల్లలను తెచ్చాము. మేము చేసిన తప్పు ఇక్కడే ఉన్నది కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తాము.

కోడిపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. తల్లి రెక్కల క్రింద దొరికే వేడిని మనం కల్పించాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, తరువాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకొంటూ పోవాలి. పిల్లకు రెండు వాట్ల చొప్పున బల్బు చాలునన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇరవై పిల్లలకు నలభై వాట్లు. ఈ రోజుల్లో అంగడికి వెళితే ఎల్.ఇ.డి. బల్బులే ఇస్తున్నారు, వెలుగు పుష్కలంగా ఉంటుంది గాని వాటి వేడి మన పనికి చాలదు. చివరకు ఇంట్లో అటకమీద పాత సామాను పెట్టెలో నలభై వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి దొరికింది. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టెలో వరి ఊక పరిచి, దానిపై కాగితాలు వేసి, పైన బల్బు వ్రేలాడదీసి, థర్మామీటరు కూడా కట్టాము. సరిగ్గా 95 చూపించింది. మా అమ్మాయి ఫొటో తీసి స్నేహితులకు పంపింది.

నాలుగవ రాత్రి ఆ బల్బు కాలిపోయింది.

తెల్లవారి చూసేసరికి పిల్లలన్నీ పెట్టెలో ఒక మూలకు చేరి ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయి. పైనున్నవి బ్రతికాయి. అడుగుననున్న ఆరు ఊపిరాడక చనిపోయాయి. మాలో ఆ బల్బు బిగించిన వ్యక్తి ముప్పై ఏళ్లుగా ప్లాంటులో పంపుహౌసులు చూస్తున్నవాడు. నడిచే ప్రతి పంపు ప్రక్కన ఆగి ఉన్న మరొక పంపు లేకపోతే డ్రాయింగుపై సంతకం చేయనివాడు. ఇంట్లో మాత్రం అటకమీద దొరికిన పాత బల్బు ఒక్కదానిని నమ్మి నిద్రపోయాడు. ఆ ఉదయం మా తల్లిగారు ఎవరినీ ఏమీ అనలేదు. మిగిలిన పద్నాలుగింటినీ గంపలోకి తీసి, చీర కొంగు కప్పి, వంటింట్లో పొయ్యికి కొంచెం దూరంగా కూర్చొన్నారు. మధ్యాహ్నం దాకా అక్కడనుండి లేవలేదు.

తరువాత రెండు మార్పులు చేశాము. మొదటిది, రెండు బల్బులు వేర్వేరు హోల్డర్లలో. రెండవది మరింత ముఖ్యమైనది: పెట్టెను తీసివేసి, అడుగున్నర ఎత్తు అట్టను గుండ్రంగా చుట్టి దడిలా నిలబెట్టాము. గుండ్రని దడికి మూలలుండవు. మూల లేనిచోట పిల్లలు ఒకచోట కుప్పపడడం తగ్గుతుంది. ఫారాలవారు దీనిని ఏనాడో కనిపెట్టి ఆచరిస్తున్నారు. థర్మామీటరు విషయంలో కూడా మా అభిప్రాయం మారింది. పిల్లలు బల్బు క్రింద గుమిగూడి కీచుకీచుమంటే చలి, నోరు తెరిచి దూరంగా దడికి అంటుకొని ఉంటే వేడి, అంతటా చెదిరి తింటూ పడుకొంటూ ఉంటే సరిపోయినట్లు. ఇది మా తల్లిగారు మొదటి రోజే చెప్పారు. మేము థర్మామీటరు వంక చూస్తూ ఉన్నాము.

టీకాల విషయంలో మాత్రం పాత పద్ధతిని నమ్మడానికి వీలులేదని ఆవిడే ఒప్పుకొన్నారు. ఊరిలో ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చి వారం రోజులలో వీధి వీధంతా కోళ్లు లేకుండా పోయిన సంగతి ఆవిడ నేటికీ మరువలేదు. శాస్త్రజ్ఞులు దీనినే రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర మన దేశంలో దీనిని గుర్తించిన హిమాలయ ప్రాంతపు ఊరి పేరే దానికి స్థిరపడింది. వచ్చిన తరువాత మందు లేదు, రాకముందు టీకా ఉన్నది. మారెక్స్ టీకా పుట్టిన రోజుననే హేచరీలో వేస్తారు. మా పశువైద్యులు వ్రాసి ఇచ్చిన క్రమం ప్రకారం ఏడవ రోజున కంటిలో లసోటా చుక్క, పద్నాలుగవ రోజున గంబోరో, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఏడవ వారంలో మశూచి టీకా, ఎనిమిదవ వారంలో ఆర్.టు.బి. సూది వేయించాము. ఇబ్బంది ఎక్కడంటే, టీకా సీసా వంద కోళ్లకో అంతకంటె ఎక్కువకో సరిపడేది వస్తుంది. కలిపిన తరువాత గంటా రెండు గంటలలో వాడివేయాలి. అంతవరకు చల్లగా ఉండాలి. పద్నాలుగు పిల్లలున్న ఇంటికి అది దండుగ. పశువైద్యశాలకు దగ్గరి పల్లెవారు పిల్లలను తెచ్చే రోజు కనుక్కొని మావి కూడా ఆనాడే గంపలో తీసుకువెళ్లాము.

ఈ జాగ్రత్తలన్నీ ఉన్నా భయపడిన రోజులు లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు నెల రోజులపాటు కోళ్లను జాలీ దాటి రానివ్వలేదు. మేత గిన్నెల వద్దకు కాకులు, కొంగలు రాకుండా చూశాము. గూటిలోకి వెళ్లే చెప్పులు వేరుగా పెట్టుకొన్నాము. చూడవచ్చిన మిత్రులను వీధి గుమ్మం నుండే పంపించవలసి వచ్చింది. కొందరికి కోపం కూడా వచ్చింది.

గూడు సంగతి. తలకు రెండు చదరపు అడుగుల చొప్పున ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుతో, నేలకు రెండడుగుల ఎత్తున, పైన తాటాకు కప్పుతో కట్టించాము. చుట్టూ షట్కోణాల కోళ్ల జాలీ కాకుండా అర అంగుళం కన్నుల వెల్డు జాలీ బిగించాము. సన్నజాలీ కోడిని లోపల ఉంచగలదు గాని, కుక్కను బయట ఉంచలేదు. లోపల రెండంగుళాల మందం గల కర్రలు అడ్డంగా వేశాము. రెండున్నర నెలల వయస్సు నుండి కోళ్లు వాటిమీదనే నిద్రించసాగాయి. ఖర్చు పదకొండు వేలయింది. గుడ్డు ధరతో భాగించి చూడవద్దని మా శ్రీమతి ముందే హెచ్చరించింది.

పద్నాలుగులో తొమ్మిది పెట్టలు, ఐదు పుంజులు తేలాయి. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మా తల్లిగారు ఒక దేశవాళీ పెట్టను వెంట తెచ్చుకొన్నారు. నల్లనిది, మెడపై ఎర్రని ఈకలు. కారులో దారి పొడుగునా ఆవిడ ఒడిలోనే కూర్చొన్నది.

పుంజులు కూత నేర్చిన తరువాత సమస్య మొదలయినది. తెల్లవారుజామున మూడున్నరకే ఐదూ అందుకొనేవి. ప్రక్క క్వార్టరులోని సహోద్యోగి బి షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రి దాటాక పడుకొనే మనిషి. ఆయన ఫిర్యాదు చేయలేదు. కళ్లు ఎర్రగా ఉండడం చూసి మేమే అడిగితే నవ్వి ఊరుకొన్నారు. ఆ వారమే పుంజులను పల్లెలో తెలిసినవారికి ఇచ్చివేశాము. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. పెట్టలు గుడ్లు పెడుతూనే ఉంటాయి, ఆ గుడ్లనుండి పిల్లలు రావు, అంతే. తొలి గుడ్డు 2023 జూన్ మొదటివారంలో, ఎండలు మండుతుండగా వచ్చింది. పెంకు పల్చగా, వ్రేలితో నొక్కితే సొట్టపడేటట్లు ఉన్నది. ఒక్కొక్క పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పైగా ఎండకు కోడి నోరు తెరిచి ఎగపోసినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు ఇంకా పలుచనవుతుంది. ఆల్చిప్పల పొడిని మేతలో కలపకుండా వేరే మూకుడులో పెట్టి, నీటి గిన్నెలను నీడకు మార్చాము. మూడు వారాలలో పెంకులు గట్టిపడ్డాయి. అప్పటినుండి రోజుకు ఐదారు గుడ్లు. ప్రక్కింటికి వారానికి ఆరు.

2023 జూలైలో మా తల్లిగారికి కంటి శుక్లం ఆపరేషను జరిగింది. ఆ రోజున మేమందరమూ ఆసుపత్రిలో ఉండిపోయాము. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేసరికి గూటి తలుపు తెరిచే ఉన్నది. ముంగిస రెండింటిని చంపి, ఒకదానిని కొంచెం తిని, రెండవదాన్ని ఊరకే వదిలిపోయింది. వెల్డు జాలీ చెక్కుచెదరలేదు. చీకటిలో కోడికి సరిగా చూపు ఆనదు; కర్రమీద కూర్చొన్నది కూర్చొన్నట్లే చిక్కిపోతుంది. ఆ తరువాత కంటికి నల్లద్దాలతోనే మా తల్లిగారు ఆరుగంటలకు పెరటిలో కుర్చీ వేసుకొనేవారు. నూకల డబ్బా గలగలలాడించి, వచ్చినవాటిని వచ్చినట్లు పైకే లెక్కించి, ఎనిమిది అయిన తరువాతనే గడియ వేసేవారు.

నవంబరులో ఒకనాటి సాయంత్రం లోపలికి కేక వేశారు. "ఒరేయ్ అబ్బాయ్, ఏడే వచ్చాయిరా. నల్లది రాలేదు."

కొత్తగా బాగుపడిన చూపు కదా, పొరపడి ఉంటారని మేము అనుకొన్నాము. వెళ్లి మేము లెక్కించినా ఏడే. టార్చిలైటుతో కంచె వెంట, కాలువ దాకా వెతికాము. దొరకలేదు. మళ్లీ ముంగిసే అన్నాము.

"ఈక లేదు, అరుపు లేదు. పెట్ట పోలేదురా, ఎక్కడో కూర్చుంది" అన్నారు ఆవిడ.

మరునాడు మధ్యాహ్నం నల్లపెట్ట ఈకలు ఉబ్బించుకొని పరుగున వచ్చి, గబగబ తిని, నీళ్లు త్రాగి వెనుదిరిగింది. మా అమ్మాయి వెంబడించింది. గోరింట పొదల వెనుక పాత పూలకుండీల మధ్య పదకొండు గుడ్లపై కూర్చొన్నది. పుంజులు వెళ్లిపోయి ఐదు నెలలు దాటింది గనుక ఆ గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా ప్రయోజనం లేదు.

"పాపం, ఉత్తి గుడ్లమీద కూర్చుందే" అని మా తల్లిగారు ఆ రోజంతా నొచ్చుకొన్నారు. రాత్రి తానే ఫోను కలపమని మా తమ్మునితో మాట్లాడారు. మాకు తెలిసి ఆ ఇంట్లో అడుగుపెట్టిన తరువాత ఆవిడ అంతసేపు మాట్లాడడం అదే మొదలు. మూడవనాటికి తవుడు నింపిన బుట్టలో పది గుడ్లు బస్సులో వచ్చాయి. ప్రయాణపు కుదుపు తీరేందుకు సన్నని కొస క్రిందికి ఉండేటట్లు ఒక పూట నిలిపి ఉంచి, చీకటి పడ్డాక పెట్టనూ గుడ్లనూ గూటిలో వేరుగా అమర్చిన ఊకబుట్టలోకి మార్చాము. వారం తరువాత మొబైలు వెలుగులో పట్టి చూస్తే తొమ్మిదింటిలో సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనిపించాయి. ఒకటి ఖాళీ, తీసివేశాము.

ఇరవై ఒక్క రోజులు పెట్ట రోజుకు ఒకసారి లేచి తిని, తిరిగి కూర్చొని, గుడ్లను ముక్కుతో దొర్లిస్తూ గడిపింది. ఏ థర్మామీటరూ కట్టలేదు, ఏ బల్బూ వ్రేలాడదీయలేదు. డిసెంబరులో, చలి బాగా ఉన్న ఒక సాయంత్రం, ఊకబుట్టలోనుండి సన్నని కూతలు వినిపించాయి. అందరమూ గూటి ముందు చేరాము. ఎన్ని పిల్లలో చూడాలని మా అమ్మాయి చేయి చాపబోయింది.

"రెక్కల కింద ఉన్నప్పుడు కదిపితే చలి తగులుతుందమ్మడూ" అని మా తల్లిగారు దాని చేయి పట్టుకొని వెనక్కు లాగారు. మిగిలిన ఏడింటినీ పైకే లెక్కించి గడియ వేశారు. "దీని లెక్క పొద్దున్న చెప్తా."

పొద్దున్న ఎనిమిది.