తిత్తి పిగిలితే, గొంతు పెగిలితే

కొత్త నిబంధన గ్రీకులో ‘రేగ్నుమి’ అనే క్రియ ఉంది. పగలడం, పిగలడం, చీల్చడం అని నిఘంటువు అర్థాలు. సందర్భాలు చూస్తే మాత్రం వాటిలో ఎక్కువచోట్ల వెనక ఉన్నది ఒకటే: లోపల పట్టి ఉంచినది పట్టు తప్పి బయటపడటం.

మత్తయి 9వ అధ్యాయంలో ద్రాక్షారసపు తిత్తులున్నాయి. తిత్తి అంటే మేకతోలు సంచి. కొత్త రసం పులిసేటప్పుడు వాయువు పుడుతుంది. కొత్త తోలైతే సాగి చోటిస్తుంది. ఎండి బిరుసెక్కిన పాత తోలు సాగదు, పిగిలిపోతుంది. రసం నేలపాలు, తిత్తి పాడు. అక్కడ వాడింది ఈ క్రియే.

గలతీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలో పౌలు యెషయా మాటను ఉదహరిస్తాడు. పిల్లలు లేని స్త్రీని సంతోషంతో కేకవేయమంటాడు. అక్కడా రేగ్నుమి! తోలు పిగలడానికీ, కేకకూ ఏం సంబంధం? గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్రలో క్రీసస్ రాజుకు ఒక మూగ కొడుకు. తండ్రిని చంపబోతున్న సైనికుణ్ణి చూసి మొదటిసారి అరుస్తాడు. ఆ అరుపుకూ ఇదే క్రియ. తెలుగువాళ్లకు ఇది వింతేం కాదు. మనమూ తిత్తి పిగిలిందంటాం, గొంతు పెగిలిందంటాం.

దీనికి తోబుట్టువులాంటి క్రియ ‘స్కిజో’. కట్టెలు చీల్చినట్టు విడదీయడం దాని పని. మార్కు సువార్తలో 1వ అధ్యాయంలో ఆకాశం చీలడానికీ, 15వ అధ్యాయంలో దేవాలయపు తెర చినగడానికీ ఇదే క్రియ. అయితే రెండింటి మధ్య గట్టి గీత లేదు. లూకా 5లో చేపల బరువుకు పిగిలిపోతున్న వలలకు రేగ్నుమి కుటుంబపు మాట, యోహాను 21లో పిగలని వలకు స్కిజో.

ఈ రెండు క్రియలూ వైద్యశాస్త్రంలోకీ వచ్చాయి. రక్తస్రావానికి డాక్టర్లు వాడే ‘హెమరేజ్’లో రెండో సగం రేగ్నుమి నుంచి పుట్టిందే. ఇక స్కిజో మలేరియా విషయంలో కనిపిస్తుంది. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి కాలేయంలోనూ, తర్వాత ఎర్ర రక్తకణాల్లోనూ లోలోపల అనేకంగా విడిపోతుంది. ఆ దశ పేరు ‘స్కిజాంట్’, అంటే స్కిజో బిడ్డే. చివరికి పిల్ల పరాన్నజీవుల ఒత్తిడికి రక్తకణం పాత తిత్తిలా పగులుతుంది. అప్పుడే రోగికి చలిజ్వరం మొదలవుతుంది.